ఆటో క్లచ్ బిగించాక బండి పాకుతోంది, ఎత్తులో జారుతోంది: లోపం ఎక్కడ?

మీరు రాసిన మూడు ఇబ్బందుల్లో (బండి పాకడం, ఎత్తులో జారడం, దిగుడులో పట్టు వదలడం) మొదటి రెండింటికి మూలం ఒక్కటే. మూడవది అసలు లోపమే కాదు. కాబట్టి కిట్టును విప్పేసి పాత క్లచ్ ప్లేట్లు తిరిగి వేయాలన్న ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మీ మాటల్లో నేను గ్రహించినది ఇది. 250 సీసీ ఫోర్‌స్ట్రోక్ ఎండ్యూరో బండికి, అంటే రాళ్లూ బురదా ఉన్న దారుల్లో నడిపే బండికి, మీరే ఆటో క్లచ్ (లివర్ నొక్కకుండానే ఇంజన్ వేగాన్ని బట్టి పట్టి వదిలే క్లచ్) కిట్టు బిగించుకున్నారు. మొదటి రోజు ఇంజన్ రెండు మూడుసార్లు ఆగిపోవడంతో ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తిప్పనప్పటి ఇంజన్ వేగం) పెంచారు. అప్పటినుంచి గేరులో నిలిపి ఉంచితే బండి ముందుకు పాకడం మొదలైంది. దాన్ని ఆపడానికి క్లచ్ కేబుల్ అడ్జస్టర్‌ను ఒక చుట్టు బయటికి తిప్పారు. పాకడం తగ్గింది కానీ, రాళ్ల ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తున్నా చక్రానికి బలం అందడం లేదు, కాలిన వాసన కూడా వచ్చింది. దిగేటప్పుడేమో ఇంజన్ పట్టు ఉన్నట్టుండి వదిలేసి బండి తనంతట తాను దొర్లిపోతోంది. వీటితో పాటు క్లచ్ లివర్ తీసేసి ఆ స్థానంలో వెనక బ్రేకు లివర్ పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు.

ఈ వరుసలోనే జవాబు ఉంది. ఐడిలింగ్‌తో వచ్చిన తప్పును మీరు కేబుల్‌తో దిద్దబోయారు. అది ఎందుకు కుదరదో తెలియాలంటే లోపల జరిగేది కొంచెం వివరంగా చూడాలి.

మామూలు క్లచ్‌లో మనం చేయి వేయనప్పుడు పట్టు ఉంటుంది. స్ప్రింగులు ప్రెజర్ ప్లేటును లోపలికి నొక్కి, స్టీలు ప్లేట్లు, రాపిడి పూత ఉన్న ఫ్రిక్షన్ ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి పేర్చిన దొంతరను బిగించి ఉంచుతాయి, లివర్ నొక్కినప్పుడే ఆ పట్టు వదులుతుంది. ఆటో క్లచ్ దీన్ని తిరగేస్తుంది. దొంతరలోని ఒక ప్లేటుకు బదులుగా, వేగం పెరిగితే మందం పెరిగే ప్లేటు ఒకటి కూర్చుంటుంది. రెక్లూజ్ వంటి సంస్థల కిట్లలో ఆ ప్లేటు రెండు పలకలుగా ఉండి, వాటి మధ్య వాలు అంచులున్న బరువైన వెడ్జులు ఉంటాయి. చిన్న స్ప్రింగులు ఆ వెడ్జులను లోపలి వైపు పట్టి ఉంచుతాయి. ఇంజన్ వేగం పెరిగినప్పుడు అవి బయటికి విసిరినట్టు జరిగి, వాలు మీదుగా ఎక్కి, రెండు పలకలనూ దూరం చేస్తాయి. ఐడిలింగ్‌లో దొంతరలో కొద్దిపాటి ఖాళీ ఉంటుంది కనుక పట్టు ఉండదు. వేగం పెరిగినప్పుడు ఆ ప్లేటు ముందు ఖాళీని నింపుతుంది, తర్వాత ప్రెజర్ ప్లేటునే కొద్దిగా బయటికి నెట్టి దాని స్ప్రింగుల మీద ఆనుతుంది. స్ప్రింగుల పూర్తి బలం దొంతర మీద పడేది ఆ రెండో దశలోనే.

మొత్తం వ్యవహారం ఆ ఖాళీ మీద నిలబడి ఉంది. ఖాళీ తక్కువైతే ప్లేట్లు ఐడిలింగ్‌లోనూ రాసుకుంటూ బండిని లాగుతాయి, ఇంజన్ ఆగిపోతుంది. ఎక్కువైతే ప్లేటు విస్తరించే శక్తి అంతా ఖాళీ నింపడానికే సరిపోతుంది. ప్రెజర్ ప్లేటును నెట్టే పని మిగిలిపోతుంది, పట్టు అరకొరగా ఉండి ప్లేట్లు జారుతూ కాలుతాయి. కొన్ని కిట్లలో ఈ ఖాళీని స్టీలు ప్లేట్ల మందం మార్చి పెడతారు. మీ దానిలో కేబుల్ ప్రెజర్ ప్లేటును ఎల్లప్పుడూ కొద్దిగా ఎత్తి ఉంచడం ద్వారా ఖాళీ ఏర్పడుతుంది. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బండ్లలో ఇదే పనిని సర్దుబాటుకు వీలున్న స్లేవ్ సిలిండర్ (ద్రవపు ఒత్తిడితో క్లచ్‌ను నెట్టే భాగం) చేస్తుంది. అందువల్ల మీరు అడ్జస్టర్‌ను ఒక చుట్టు తిప్పినప్పుడు లివర్ లూజును సరిచేస్తున్నానని అనుకున్నారు, నిజానికి ఖాళీని పెంచారు. మామూలు క్లచ్ అలవాటున్న వారిలో చాలామంది ఇక్కడే పొరబడతారు. నేనూ మొదటి కిట్టు బిగించినప్పుడు సరిగ్గా ఇదే చేసి, ఒక సాయంత్రంలో ఫ్రిక్షన్ ప్లేట్ల సెట్టు మొత్తం పాడుచేసుకున్నాను.

ఖాళీ సరిగా ఉందో లేదో ఇంజన్ విప్పకుండానే తెలుసుకునే మార్గం ఉంది. ప్రెజర్ ప్లేటు బయటికి జరిగితే కేబుల్‌లో వదులు వస్తుంది, ఆ వదులు లివర్ చివర కనిపిస్తుంది. ఇంజన్‌ను బాగా వేడెక్కనిచ్చి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ లివర్‌కూ గ్రిప్పుకూ కలిపి ఒక రబ్బరు బ్యాండు వేయండి. బ్యాండు లివర్‌ను తేలికగా లాగి ఉంచాలి గాని క్లచ్‌ను నొక్కేంత బిగువుగా ఉండకూడదు. ఇప్పుడు ఐడిలింగ్ నుంచి 5,000-6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాకా ఒక్క ఊపులో రేజ్ చేసి వదలండి. రేజ్ చేసినప్పుడు లివర్ తనంతట తాను గ్రిప్పు వైపు జరిగి, వేగం తగ్గగానే వెనక్కి రావాలి. ఆ కదలిక లివర్ చివర సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటే ఖాళీ సరిగా ఉన్నట్టు. మీ కిట్టుతో వచ్చిన పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. లివర్ కదలకపోయినా, కదిలీ కదలనట్టు ఉన్నా ఖాళీ ఎక్కువైంది, ఆ స్థితిలో బండిని ఒక్క మీటరు కూడా నడపకండి. మరీ ఎక్కువగా కదిలితే ఖాళీ తక్కువ, బండి పాకుతుంది. ఈ పరీక్షను చల్లటి ఇంజన్ మీద చేస్తే ఫలితం నమ్మదగినది కాదు, ఎందుకంటే వేడికి ప్లేట్లు వ్యాకోచించి ఖాళీ మారుతుంది. బయలుదేరే ప్రతిసారీ ఒక నిమిషం దీనికి కేటాయించడం నాకు అలవాటైంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఖాళీ పెరుగుతుంది, లివర్ కదలిక నెమ్మదిగా తగ్గుతూ వచ్చి ఆ సంగతి మనకు ముందుగానే చెబుతుంది.

మీరు చేయవలసినదానికి ఒక క్రమం ఉంది, దాన్ని తారుమారు చేయవద్దు. ముందు ఐడిలింగ్‌ను బండి పుస్తకంలో చెప్పిన స్థాయికి తెచ్చుకోండి. చెవితో అంచనా వేయకుండా, ప్లగ్ వైరుకు చుట్టుకునే చిన్న ఆర్‌పీఎం మీటరు వాడండి. ఐడిలింగ్ ఎక్కువగా ఉంటే వెడ్జులు అక్కడే బయటికి జరగడం మొదలుపెడతాయి. అలాంటప్పుడు ఖాళీ ఎంత చక్కగా ఉన్నా బండి పాకుతుంది. ఐడిలింగ్ కుదిరిన తర్వాతే రబ్బరు బ్యాండు పరీక్ష చేసి, కేబుల్‌ను పావు చుట్టు చొప్పున సర్దండి, ఒకేసారి ఒక చుట్టు తిప్పకండి. ఈ రెండూ సరిగా ఉండి కూడా ఇంజన్ ఆగిపోతోందంటే కారణం క్లచ్ కాదు. ఇంధన మిశ్రమంలోనో, మురికి పట్టిన ఎయిర్ ఫిల్టర్‌లోనో, వాల్వు క్లియరెన్సులోనో వెతకాలి. బహుశా మీ మొదటి రోజు ఇబ్బందికి అసలు కారణం కూడా అక్కడే ఉండి ఉంటుంది.

చల్లటి ఇంజన్‌తో కాస్త పాకడం మాత్రం సహజం. ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ప్లేట్లు ఒకదానికొకటి అంటుకొని లాగుతాయి. నాలుగైదు నిమిషాలు న్యూట్రల్‌లో వేడెక్కనిచ్చి, బ్రేకు పట్టుకొని, లివర్ పూర్తిగా నొక్కి మొదటి గేరులో వేస్తే ఆ అంటు విడిపోతుంది.

కాలిన వాసన వచ్చిందన్నారు కనుక కవరు విప్పి చూడక తప్పదు. క్లచ్ కుడివైపున ఉండే బండ్లను ఎడమవైపుకు పడుకోబెడితే ఆయిల్ మొత్తం వంచకుండానే పని జరుగుతుంది. అయితే మీ విషయంలో ఆ ఆయిల్‌లో కాలిన ప్లేట్ల పొడి కలిసి ఉంటుంది, కాబట్టి వంచేయడమే మంచిది. స్టీలు ప్లేట్ల మీద నీలి మచ్చలుంటే అవి అతిగా వేడెక్కినట్టు. ఒక్కొక్కదాన్ని చదునైన అద్దం మీద పెట్టి, అంచున ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) దూర్చి వంకర పరీక్షించండి. ఆటో క్లచ్‌లో ఖాళీ చాలా స్వల్పం కాబట్టి, మామూలు క్లచ్ సర్దుకుపోయే వంకరను ఇది సహించదు. ఒక్క ప్లేటు వంగినా ఆ ఖాళీ అంతా అదే మింగేస్తుంది. ఫ్రిక్షన్ ప్లేట్ల పై భాగం గాజులా మెరుస్తుంటే మార్చేయండి, గీకి బాగుచేసుకునే ప్రయత్నం వద్దు. కొత్త వాటిని వేసే ముందు కనీసం పది నిమిషాలు కొత్త ఇంజన్ ఆయిల్‌లో నాననివ్వాలి. పొడి ప్లేట్లు వేసి స్టార్ట్ చేస్తే మొదటి నిమిషంలోనే దెబ్బతింటాయి.

విప్పినప్పుడే బాస్కెట్ (ఇంజన్‌తో తిరుగుతూ ప్లేట్ల దొంతరను పట్టి ఉంచే గిన్నె లాంటి భాగం) వేళ్లను గోటితో తడిమి చూడండి. పాత ప్లేట్ల చెవులు తగిలి అక్కడ గాట్లు పడి ఉంటే ప్లేట్లు పక్కకు సాఫీగా జరగవు, అప్పుడు వేగం పెరిగినప్పుడు పట్టు కుదుపుతో దొరుకుతుంది, తగ్గినప్పుడు ఆలస్యంగా వదులుతుంది. స్వల్పమైన గాట్లను సన్నని ఆకురాయితో నునుపు చేయవచ్చు, లోతైనవైతే బాస్కెట్ మార్చాల్సిందే. కొన్ని బండ్ల క్లచ్ అడుగున కుదుపు తగ్గించే సన్నని స్ప్రింగు వాషరు, దాని కింద మరో రింగు ఉంటాయి. వాటిని ఉంచాలో తీసేయాలో కిట్టు పుస్తకం స్పష్టంగా చెబుతుంది, అక్కడ ఊహకు తావివ్వవద్దు. ప్రెజర్ ప్లేటు బోల్టులు క్లచ్ మధ్యనున్న అల్యూమినియం హబ్బులోకి దిగుతాయి. సాధారణంగా 6 మిల్లీమీటర్ల బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల లోపు బిగింపు చాలు. టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. చేతి అంచనాతో బిగించి మరలు తెగిపోయిన హబ్బులను నేను లెక్కలేనన్ని చూశాను.

ఆయిల్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. తడి క్లచ్ ఉన్న మోటారు సైకిళ్ల కోసం జపాన్‌లో 1998లో తెచ్చిన ప్రమాణం అది. ఇంధనం ఆదా చేసే కార్ల ఆయిళ్లలో రాపిడిని తగ్గించే పదార్థాలు కలిపి ఉంటాయి, అవి ఈ ప్లేట్లకు పనికిరావు.

కొత్త ప్లేట్లు వేశాక మొదటి అరగంట వాటిని కుదురుకోనివ్వాలి. చదునైన చోట మొదటి గేరులో నెమ్మదిగా బయలుదేరి, నాలుగు బండి పొడవుల దూరం వెళ్లి, యాక్సిలరేటర్ మూసి పూర్తిగా ఆగండి. ఇలా ఓ పదిసార్లు చేసి, ఇంజన్‌కు కాసేపు విశ్రాంతి ఇచ్చి, మళ్లీ రబ్బరు బ్యాండు పరీక్ష చేయండి. కొలత తప్పకుండా కొద్దిగా మారి ఉంటుంది. మొదటి రోజు నడిపిన తర్వాత ఆయిల్ మార్చేయండి.

ఇక మూడవ ఇబ్బందికి వద్దాం. ఆ మందం పెరిగే ప్లేటు బాస్కెట్‌తో, అంటే ఇంజన్‌తో కలిసి తిరుగుతుంది, చక్రంతో కాదు. దిగుడులో యాక్సిలరేటర్ మూసినప్పుడు పట్టు ఉన్నంతసేపు చక్రం ఇంజన్‌ను తిప్పుతుంది, కాబట్టి ఇంజన్ బ్రేకింగ్ మామూలుగానే ఉంటుంది. వేగం తగ్గుతూ ఇంజన్ ఐడిలింగ్ దరిదాపులకు చేరగానే ప్లేటు ముడుచుకొని పట్టు వదిలేస్తుంది. ఆ తర్వాత చక్రం ఎంత జోరుగా దొర్లినా ఆ పట్టు తిరిగి రాదు, దాన్ని తెచ్చేది ఇంజన్ వేగం మాత్రమే. కనుక దిగుడు మధ్యలో బండి తేలిపోయినట్టు అనిపించినప్పుడు, రెండు బ్రేకుల మీదా అదుపు ఉంచుకుంటూ యాక్సిలరేటర్‌ను ఒక్కసారి చిన్నగా తెరిచి మూయండి. పట్టు వెంటనే అందుతుంది. మనసు అందుకు ఎదురుతిరుగుతుంది, దిగుడులో యాక్సిలరేటర్ తెరవడమేమిటి అని. చిన్న వాలు మీద యాభై సార్లు సాధన చేస్తే ఆ బెరుకు పోతుంది. దిగుడు మొదలయ్యే ముందే సరైన గేరులో ఉండి, యాక్సిలరేటర్‌ను పూర్తిగా మూయకుండా ఉండీ లేనట్టు తెరిచి ఉంచడం ఇంకా మంచి పద్ధతి.

ఇదే కారణం వల్ల వచ్చే మరికొన్ని పర్యవసానాలు కూడా తెలిసి ఉండాలి. బ్యాటరీ దిగిపోతే బండిని తోసి స్టార్ట్ చేయలేరు, ఆగిన ఇంజన్‌ను చక్రం తిప్పలేదు కనుక. నిటారు దిగుళ్లలో ఇంజన్ ఆపేసి గేరులో ఉంచి, క్లచ్ లివర్‌తో వెనక చక్రాన్ని వదులుతూ పడుతూ దిగే పాత ఉపాయం ఇక పనిచేయదు. ఎత్తు మధ్యలో ఇంజన్ ఆగితే గేరులో ఉన్నా బండి వెనక్కి దొర్లుతుంది, కాబట్టి ముందు బ్రేకును వదలకూడదు. గేరులో వేసి వాలు మీద బండి నిలిపి వెళ్లడం కూడా కుదరదు. బ్రేకు లివర్‌ను బిగించి ఉంచే పట్టీ ఒకటి వెంట పెట్టుకోండి.

వీటన్నిటికంటే నేను గట్టిగా చెప్పదలచినది మరొకటి ఉంది. ఇంజన్ నడుస్తూ మొదటి గేరులో ఉన్న ఆటో క్లచ్ బండి, న్యూట్రల్‌లో ఉన్న బండి చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒకసారి బురదలో పడిన నా బండిని లేపడానికి వచ్చిన మిత్రుడు కుడి గ్రిప్పును పట్టుకొని పైకి లాగాడు. ఇంజన్ ఆగలేదన్నది, గేరులో ఉందన్నది ఇద్దరమూ గమనించలేదు. బండి అతని చేతుల్లోంచి దూకి ఐదు మీటర్ల అవతల చెట్టుకు తగిలింది. అతను దాని ముందు లేకపోవడం అదృష్టం. అప్పటినుంచి బండి పడినా, దిగినా, ఇతరుల చేతికి ఇచ్చినా ముందు ఇంజన్ ఆపే మీట నొక్కడం నాకు నియమం. పిల్లలున్న చోట మరింత జాగ్రత్త అవసరం.

ఎత్తులో క్లచ్ జారడానికి ఖాళీతో పాటు మీరు ఎంచుకున్న గేరు కూడా కొంత కారణం అయి ఉండవచ్చు. ఇంజన్ ఆగదన్న ధీమా ఉండటం వల్ల ఆటో క్లచ్ వాడేవారు పై గేరులో తక్కువ వేగంతో లాగించడానికి అలవాటు పడతారు. బండి సాగుతూనే ఉంటుంది, కానీ లోపల ప్లేట్లు అంతసేపూ హాఫ్ క్లచ్‌లో నలుగుతుంటాయి. మూడో గేరులో వెళ్లగలిగిన చోట రెండో గేరులో వెళ్లండి, ప్లేట్లు పూర్తిగా పట్టేంత వేగంలో ఇంజన్‌ను ఉంచండి. మీ దారులన్నీ నిదానపు రాళ్ల దారులే అయితే ముందు స్ప్రాకెట్‌లో (చైను తిరిగే పళ్ల చక్రంలో) ఒక పన్ను తగ్గించడం మంచి ఉపాయం. 13 పళ్ల బదులు 12 పళ్లది వేస్తే చక్రానికి అందే బలం సుమారు 8 శాతం పెరుగుతుంది. వెనక 50 పళ్ల స్ప్రాకెట్ ఉన్న బండికి అది వెనక నాలుగు పళ్లు పెంచినదానితో దాదాపు సమానం, ఖర్చు మాత్రం చాలా తక్కువ. దానివల్ల క్లచ్ వేడి ఎంత తగ్గుతుందో ఒక్క రోజులోనే మీకు తెలుస్తుంది.

దుంగలు, మెట్లలాంటి రాళ్లు దాటేటప్పుడు ముందు చక్రం ఎత్తాలంటే యాక్సిలరేటర్‌ను మాత్రమే నమ్ముకోవద్దు. తక్కువ వేగం నుంచి ఒక్కసారిగా తెరిస్తే ప్లేటు విస్తరించే ఆ క్షణంలో దెబ్బ మెత్తబడిపోతుంది. లివర్ నొక్కి, రేజ్ చేసి, చటుక్కున వదలండి. ఆ సరికి ప్లేటు పూర్తిగా విస్తరించి ఉంటుంది కనుక పాత క్లచ్ లాగానే ముందు చక్రం లేస్తుంది. ఇక్కడ ఒక్క తేడా గమనిస్తారు. ఇంజన్ వేగాన్ని బట్టి లివర్‌లో వదులు మారుతుంది కాబట్టి, పట్టు దొరికే చోటు కూడా కొద్దిగా మారుతుంటుంది. వేళ్లకు అది అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది.

అందుకే లివర్‌ను తీసేయాలన్న మీ చివరి ప్రశ్నకు ఇప్పటికి నా జవాబు, వద్దని. కుడికాలు దెబ్బతిన్నవారికో, కుడికాలు పెడల్‌ను అందుకోలేనివారికో ఎడమచేతి వెనక బ్రేకు గొప్ప వరం, అందులో సందేహం లేదు. నిటారు దిగుళ్లలో, కుడివైపు బిగుతైన మలుపుల్లో కాలు నేల మీద ఉండగానే వెనక బ్రేకు అందుబాటులో ఉండటం ఎవరికైనా మేలే. కానీ ఏళ్ల తరబడి క్లచ్‌కు అలవాటైన ఎడమచేయి కంగారులో లివర్‌ను పూర్తిగా లాగేస్తుంది, అక్కడ బ్రేకు ఉంటే వెనక చక్రం బిగుసుకుపోతుంది. పైగా ఖాళీ సరిగా ఉందో లేదో మీకు చెప్పే ఏకైక సూచిక కూడా ఆ క్లచ్ లివరే. ముందు ఐడిలింగ్, ప్లేట్లు, ఖాళీ చక్కబరచుకొని ఓ ఆరు నెలలు నడపండి. అప్పటికీ ఆ కోరిక ఉంటే, క్లచ్ లివర్‌ను ఉంచుతూనే దాని పైనో కిందో బొటనవేలితో గాని, ఒక వేలితో గాని నొక్కే బ్రేకు అమరిక దొరుకుతుంది, దానితో మొదలుపెట్టండి.